శ్రీరంగపట్నం పేరున్న పట్టు జెండా: ఒక రెజిమెంటు పతాకాన్ని భద్రపరిచిన నా అనుభవం

ఇంగ్లండ్‌లో మేముండే ఊరికి దగ్గర్లో చిన్న రెజిమెంటు మ్యూజియం ఒకటుంది. అక్కడ పాత సైనిక పతాకాలను బాగుచేసే గదిలో వాలంటీరుగా పనిచేస్తున్నాను. నేను చరిత్ర చదువుకున్నదాన్ని కాదు, సైన్యంతో మా ఇంటికి ఏ సంబంధమూ లేదు. మాది ధర్మవరం. మా నాయన పట్టుచీరలు నేసేవాడు, పెళ్లయ్యేదాకా నేనూ ఆ మగ్గం పక్కనే ఉన్నాను. వస్త్రాల కన్జర్వేషన్ తెలిసిన ఆవిడ ఒకరు వారానికోసారి ఆ మ్యూజియానికి వచ్చి పని నేర్పిస్తారని, పట్టు మీద చెయ్యి తిరిగినవాళ్లు కావాలంటున్నారని తెలిసి వెళ్లాను. పడుగేదో (నిలువు పోగు) పేకేదో (అడ్డ పోగు) వేలితో తడిమి చెప్పగలిగితే చాలన్నారు ఆవిడ. మ్యూజియం పేరు, రెజిమెంటు పేరు ఇక్కడ రాయడం లేదు. పని గురించే రాస్తాను, ఎందుకంటే ఈ పని గురించి తెలుగులో రాసినవాళ్లు నాకెక్కడా కనిపించలేదు.

బ్రిటిష్ పదాతి దళంలో ఒక్కో బెటాలియన్‌కు సాధారణంగా రెండు పతాకాలుంటాయి. ఒకటి రాజుగారిది, యూనియన్ జెండా నమూనాలో ఉంటుంది. రెండోది రెజిమెంటుది, ఆ దళం యూనిఫాం కాలరుకూ చేతుల మడతలకూ వాడే రంగులో ఉంటుంది. ఈ పద్ధతి 1747 నాటి నియమావళితో స్థిరపడింది. అంతకుముందు కల్నల్ ఎవరైతే ఆయన వంశ చిహ్నమే జెండా మీద ఉండేది, దళం ఆయన సొంత ఆస్తి అన్నట్టు. ఆ రోజుల్లో జెండాలు చాలా పెద్దవి. ఆరడుగుల ఆరంగుళాల పొడవు, ఆరడుగుల ఎత్తు. తుపాకి పొగ కమ్మిన మైదానంలో మన దళం ఎక్కడుందో సిపాయికి కనిపించాలి కదా. గాలి వీస్తే అంత పట్టును నిలబెట్టి పట్టుకోవడం కుర్ర అధికారికి ఎంత కష్టమో ఊహించుకోవచ్చు. 1868 నుంచి మూడడుగుల తొమ్మిదంగుళాలు, మూడడుగులు. ఇప్పటికీ అదే కొలత.

జెండా శత్రువు చేతిలో పడితే దళానికి అంతకు మించిన అవమానం లేదు. 1879 జనవరి 22న దక్షిణాఫ్రికాలోని ఇసాండ్ల్వానా దగ్గర జూలూలు బ్రిటిష్ శిబిరాన్ని తుడిచిపెట్టినప్పుడు, 24వ రెజిమెంటుకు చెందిన మెల్‌విల్ అనే లెఫ్టినెంటు రాణిగారి పతాకాన్ని తీసుకుని గుర్రం మీద బఫెలో నది దాకా వెళ్లాడు. నది పొంగుతోంది, జెండా చేతి నుంచి జారిపోయింది. సాయానికి వెనక్కి వచ్చిన కోగ్‌హిల్, మెల్‌విల్ ఇద్దరూ అవతలి ఒడ్డున చనిపోయారు. దాదాపు రెండు వారాల తర్వాత ఆ జెండా నదిలో దొరికింది. అంతకాలం నీళ్లలో నానిన ఆ పట్టు ఇప్పుడు వేల్స్‌లోని బ్రెకన్ కెథడ్రల్‌లో ఉంది. ఆ తర్వాత రెండేళ్లకే, 1881 జనవరిలో లెయింగ్స్ నెక్ దగ్గర 58వ రెజిమెంటు తన పతాకాలతో యుద్ధానికి వెళ్లింది. బ్రిటిష్ సైన్యం జెండా పట్టుకుని పోరుకు దిగడం అదే చివరిసారి. దూరం నుంచి గురి తప్పకుండా కాల్చే తుపాకులు వచ్చాక, జెండా పట్టుకున్నవాడు నేరుగా చావుకు ఎదురెళ్లినట్టే.

యుద్ధానికి పనికిరాకపోయినా జెండాలు నేయించడం ఆగలేదు. కొత్త జతను ప్రార్థనలతో ప్రతిష్ఠించి దళానికి అప్పగిస్తారు. పాతవాటిని పారేయరు, అమ్మరు, కాల్చరు. ఏదో ఒక చర్చికి లాంఛనంగా తీసుకెళ్లి అక్కడ వేలాడదీస్తారు. అలా అప్పగించాక అవి చర్చివే. తిరిగి తీసుకోవాలంటే చర్చి న్యాయస్థానం అనుమతి కావాలి. నూరేళ్లు, నూటయాభై ఏళ్లు అలాగే గోడకు వేలాడి, చివరికి పీలికలై, పొడై కింద రాలిపోయిన జెండాలు ఈ దేశంలో లెక్కలేనన్ని. కర్రకు నాలుగు దారప్పోగులు మాత్రమే మిగిలినవాటిని కూడా నేను చూశాను.

దీన్ని తప్పు అననివాళ్లూ ఉన్నారు. మా మ్యూజియానికి వచ్చే రిటైర్డ్ సార్జెంట్ ఒకాయన మొదటి రోజే నాతో అన్నారు: "సైనికుడు మట్టిలో కలిసినట్టే ఆయన జెండా కూడా కలవాలి. దానికి మీరు సూది గుచ్చకూడదు." ఆయన మాటను నేను తేలిగ్గా తీసుకోలేదు. విగ్రహం భిన్నమైతే నీళ్లలో నిమజ్జనం చేసే మనకు ఆ భావన కొత్త కాదు. కానీ ఆ పట్టు మీద ఉన్నది ఒక్క దళం గౌరవమే కాదు. ఏ కాలంలో ఏ రంగులు అద్దారు, ఏ పోగు వాడారు, ఏ ఊళ్ల పేర్లు ఎందుకు కుట్టారు అన్నదంతా అందులో ఉంది. అది పొడైపోతే మళ్లీ అడగడానికి ఇంకో చోటు లేదు. అందుకే నేను నిలబెట్టాలనే పక్షం. సార్జెంట్ గారు ఇప్పటికీ ఒప్పుకోరు, అయినా బల్ల దగ్గరికి వచ్చి చూసి వెళతారు.

నాకు అప్పగించిన జెండా ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లది. పసుపు పట్టు, మధ్యలో ఎర్రటి వృత్తం, దాని చుట్టూ ఇంగ్లండ్, స్కాట్లండ్, ఐర్లండ్ గుర్తులైన గులాబీ, థిసిల్, షామ్‌రాక్ ఆకుల దండ. ఆ దండకు ఇరుపక్కలా చిన్న చిన్న పట్టీల మీద దళం గెలిచిన యుద్ధాల పేర్లు. కర్రకు చుట్టేసి, కాగితంలో కప్పి, ఎన్నో ఏళ్లు పెట్టెలో ఉంచారు. అంతకుముందు చర్చిలో వేలాడింది. మొదట చేసే పని ముట్టుకోవడం కాదు, ఫొటోలు తీయడం. పై నుంచి, పక్క నుంచి వెలుతురు పడేలా, ప్రతి చిరుగునూ కొలబద్ద పక్కన పెట్టి. పాతకాలంలో పురుగు పట్టకుండా విషపు మందులు చల్లేవాళ్లు కాబట్టి చేతికి గ్లవ్స్, ముఖానికి మాస్కు తప్పనిసరి. తర్వాత రికార్డు షీటు: ఎక్కడ మసి, ఎక్కడ మైనం చుక్క, ఎక్కడ రంగు వెలిసింది, ఎక్కడ ఎవరో పాతకాలంలో కుట్టు వేశారు. ఈ రాతపనికే బోలెడంత సమయం పట్టింది. మ్యూజియంలో పని అంటే బ్రష్షు, సూది అనుకునే వెళ్లాను. సగం పని పెన్సిలుతోనే నడుస్తుంది. పెన్ను మాత్రం బల్ల దరిదాపుల్లోకి రానివ్వరు, సిరా పడితే పోదు.

చుట్టిన పట్టును ఉన్నపళంగా విప్పితే మడత దగ్గర విరుగుతుంది, ఎండిన పట్టు అంత పెళుసు. దానికి తేమ ఇవ్వాలి కానీ తడపకూడదు. తడి అద్దుడు కాగితం మీద గోర్‌టెక్స్ గుడ్డ పరిచి, దాని మీద జెండాను ఉంచి, పైన పాలిథిన్‌తో గుడారంలా కప్పుతాం. గోర్‌టెక్స్ ఆవిరిని పోనిస్తుంది, నీటిని పోనివ్వదు. కొన్ని గంటలకు పోగు మెత్తబడి, వేలితో నొక్కితే ఒదుగుతుంది. అప్పుడు ఒక్కో జానెడు విప్పి, చదును చేసి, నున్నటి గాజు బిళ్లలు బరువుగా పెట్టి మళ్లీ ఆరనివ్వాలి. తొందరపడే పని కాదు. మధ్యాహ్నానికి ఎంత వరకు విప్పామో అక్కడే ఆపేయమనేవారు ఆవిడ, అలసిన చెయ్యి సున్నితంగా ఉండదని.

సగం విప్పేసరికి, దండకు ఎడమ పక్కన, బంగారు దారంతో కుట్టిన పెద్ద అక్షరాలు కనిపించాయి. సెరింగపటం. అంటే శ్రీరంగపట్నం, 1799. టిప్పు సుల్తాన్ మరణించిన యుద్ధం. ఆ యుద్ధంలో నిజాం సేన ఈస్టిండియా కంపెనీ పక్షాన నడిచింది, ఆ సేనతో పాటు వెళ్లిన 33వ రెజిమెంటుకు లెఫ్టినెంట్ కల్నల్‌గా ఉన్నవాడు, తర్వాత డ్యూక్ ఆఫ్ వెల్లింగ్టన్ అయిన ఆర్థర్ వెల్లెస్లీ. టిప్పు రాజ్యంలో నిజాం వాటాకు వచ్చిన సీమను మరుసటి ఏడాదే, 1800లో, నిజాం కంపెనీకి ఇచ్చేశాడు. బళ్లారి, అనంతపురం, కడప, కర్నూలు ప్రాంతాలు అలా దత్త మండలాలయ్యాయి. థామస్ మన్రో మాకు కలెక్టరుగా వచ్చింది ఆ లెక్కలోనే. మా ధర్మవరం కంపెనీ కిందికి పోవడానికి కారణమైన యుద్ధం పేరు, పట్టు మీద, నా చేతి కింద. గెలిచినవాళ్లు గౌరవంగా కుట్టించుకున్న అక్షరాలవి. వాటిని కాపాడే పని నాది. ఆ రోజు నేను ఎక్కువసేపు కూర్చోలేకపోయాను. కానీ పని వదిలేయాలని మాత్రం అనిపించలేదు. ఓడినవాళ్ల వైపు నుంచి ఈ అక్షరాలను చదవాలన్నా ముందు అవి మిగలాలి కదా.

జెండా పూర్తిగా పరిచాక అసలు సమస్య బయటపడింది. బంగారు పని ఉన్న మధ్య భాగం గట్టిగానే ఉంది. చుట్టూ ఉన్న పసుపు పట్టు మాత్రం నిలువునా, సన్నటి పీలికలుగా, వరసగా చీలిపోయి ఉంది. చిరిగినట్టు లేదు, బ్లేడుతో గీసినట్టుంది. దగ్గరి నుంచి ఫొటోలు తీసి, అనుమతి అడిగి, మా నాయనకు వాట్సాప్‌లో పంపాను. బట్ట గట్టు ఏ వైపు ఉందో చూపించమని వీడియో కాల్ చేశాడు. చూసి, "నిలువునా చీలిందంటే తెగింది పడుగు కాదమ్మా, పేక. పడుగు పోగులు చూడు, ఒకదాని పక్కన ఒకటి ఎట్ల నిలబడ్డాయో" అన్నాడు. తర్వాత కాసేపాగి, "పేకకు ఏమో ఎక్కించింటారు, బరువు కోసం. పడుగుకు ఎక్కిస్తే మగ్గం మీద నిలుస్తుందా? తెగుతానే ఉంటుంది" అన్నాడు.

రాలిన ఒక పోగును ల్యాబ్‌కు పంపితే అదే తేలింది. పోగులో తగరం ఉంది. పట్టును ఉడకబెట్టి జిగురు తీసేస్తే దాదాపు నాలుగో వంతు బరువు పోతుంది, ఇది మా ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. పట్టు తూకానికి అమ్ముడుపోయే సరుకు. ఆ పోయిన బరువును తిరిగి రాబట్టడానికి 19వ శతాబ్దం రెండో సగం నుంచి యూరప్ అద్దకందార్లు పట్టును తగరం లవణాల్లో ముంచేవాళ్లు. బట్ట బరువుగా, గరగరలాడుతూ, ఖరీదైనదిగా కనిపిస్తుంది. కొన్ని దశాబ్దాలు గడిచేసరికి ఆ లోహమే పోగును లోపల్నుంచి తినేస్తుంది, వెలుతురు తగిలితే ఇంకా వేగంగా. అందుకే రెండు వందల ఏళ్ల కిందటి జెండాలు కొన్ని గట్టిగా ఉంటే, వాటి తర్వాత వందేళ్లకు పుట్టినవి ముట్టుకుంటే రాలిపోతాయి. సైనికుడి రక్తం, తూటా, వాన చేయలేని నష్టాన్ని అద్దకం తొట్టి చేసింది.

అప్పటికే ఎవరో ఒకసారి దీన్ని కాపాడాలని చూశారు. వెనక వైపు ముతక వల వేసి, పట్టు గుండా గట్టి దారంతో గజిబిజిగా కుట్టారు. వల నూలుది, తేమకు అది ఒకలా సాగితే పట్టు ఇంకోలా సాగింది, కుట్టు పడిన ప్రతి చోటా కన్నం పెరిగింది. వాళ్లను తప్పుపట్టలేను, ఆ కాలానికి తెలిసిన ఉత్తమ పద్ధతి అదే. అమెరికాలో బాల్టిమోర్ కోట మీద 1814లో ఎగిరిన పెద్ద జెండాకు 1914లో అమీలియా ఫౌలర్ అనే ఆవిడ నారబట్ట అస్తరు వేసి దాదాపు 17 లక్షల కుట్లు వేయించారు. 1999 నుంచి స్మిత్‌సోనియన్ మ్యూజియం వాళ్లు ఆ కుట్లన్నీ కత్తిరించి అస్తరు తీసేశారు. ఒక తరం చేసిన రక్షణను మరో తరం విప్పాల్సి వచ్చింది. అందుకే ఇప్పుడు ఈ రంగంలో అందరూ పాటించే నియమం ఒకటుంది: రేపు ఎవరైనా విప్పాలనుకుంటే జెండాకు దెబ్బ తగలకుండా విప్పగలిగేలా కుట్టాలి.

పాత వల కుట్లను సన్నటి వంపు కత్తెరతో ఒక్కొక్కటే కత్తిరించాను. దారాన్ని లాగకూడదు. రెండు చివర్లా తుంచి పట్టకారుతో పైకి తీయాలి. తీసిన దారాలను కూడా కవర్లో వేసి, ఎక్కడివో రాసి దాస్తారు. తర్వాత దుమ్ము. చూషణ బాగా తగ్గించిన చిన్న వాక్యూమ్ గొట్టం మీద వల బిగించి, మెత్తటి బ్రష్షుతో దుమ్మును దాని వైపు తోస్తూ పోవాలి. చర్చి కొవ్వొత్తుల మసి వల్ల పసుపు అంతా బూడిదరంగుకు తిరిగి ఉంది. నీళ్లతో ఉతికితే పోతుందేమోనని అడిగాను. ఎర్రటి వృత్తం అంచున తడిపిన అద్దుడు కాగితం ముక్క క్షణం పాటు ఆనించి చూపించారు ఆవిడ. కాగితం మీద గులాబీ మరక పడింది. ఎరుపు పసుపులోకి దిగితే ఇక చేయగలిగింది లేదు. పైగా తగరం ఎక్కిన పట్టు నీళ్లను ఓర్చుకోదు. మసి మసిగానే ఉండిపోయింది.

ఈ పనంతటిలో నాకు ప్రాణం పెట్టి చేయాలనిపించినది పీలికలను సరిచేయడం. కీటకాలను బోర్డుకు గుచ్చడానికి వాడే సన్నటి పిన్నులు ఉంటాయి, వాటిని పోగుల మధ్య సందుల్లోంచి దించి, వంకర తిరిగిన పడుగును దాని అసలు దారిలోకి తేవాలి. అల్లుతున్న పోగు తెగితే మగ్గం మీద ముడేసి కలిపినట్టు ఇక్కడ కలపడానికి లేదు. తెగిన పేక తెగిన చోటే ఉండాలి, పక్క పోగుతో వరస కలిస్తే చాలు. వరస కలిసేకొద్దీ పసుపు మళ్లీ ఒకే బట్టలా కనిపించడం మొదలవుతుంది. లేని చోట లేనట్టే వదిలేశాం. అక్కడ కొత్త పట్టు అతికి పూర్తిచేయడం మ్యూజియం పని కాదు. చూసేవాళ్లకు ఏది పాతదో ఏది మనం పెట్టిందో తెలియాలి.

ఆధారంగా కింద, పసుపు రంగు అద్దిన నూలుబట్ట పరిచాం. పైన సాలెగూడంత పలచటి నైలాన్ వల, దానికీ అదే పసుపు. వెంట్రుకంత పట్టు దారంతో, వంకీ సూదితో, చిరుగు ఉన్న చోట్ల చుట్టూ మాత్రమే కుట్టు. పాత పోగును గుచ్చకుండా సందులోంచి పోనివ్వాలి. ఆ రంగు కుదరడానికి ఎన్నోసార్లు అద్దాల్సి వచ్చింది. వెలిసిన పసుపు ఒక్క రంగు కాదు. మడత లోపల పసుపు మామిడిపండు ఛాయ, బయట గంధం ఛాయ.

బంగారు అక్షరాలను ముట్టుకోలేదు. పట్టు పోగు చుట్టూ వెండి రేకు చుట్టి బంగారు పూత పూసిన దారమది, మన జరీ లాంటిదే. పూత అరిగిన చోట వెండి నల్లబడింది. తోమితే మెరుస్తుంది కానీ మిగిలిన పూత కూడా పోతుంది. మా ఊళ్లో పాత పట్టుచీరలు కొనేవాళ్లు వీధి వీధి తిరిగి, కాల్చి, ఆ వెండి తీసుకుంటారు. మా అవ్వ పెళ్లిచీర అలాగే పోయింది. మనం తూకానికి అమ్మేసిన ఆ పాత నేత పనిలో ఎన్ని అచ్చులు, ఎన్ని అద్దకాలు పోయాయో ఈ బల్ల దగ్గరే నాకు బాగా తెలిసింది.

మన ఊళ్ల పేర్లున్న పతాకాలు ఇదొక్కటే కాదు. 1758 డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తిలో కల్నల్ ఫోర్డ్, విజయనగరం ఆనంద గజపతిరాజు కలిసి ఫ్రెంచివాళ్లను ఓడించారు. మరుసటి ఏప్రిల్లో బందరు కోట పట్టుకున్నారు. ఆ రెండు గెలుపులూ కాండోర్, మసులిపటం అన్న పేర్లతో రాయల్ మన్‌స్టర్ ఫ్యూజిలియర్స్ అనే ఐరిష్ రెజిమెంటు యుద్ధ గౌరవాల్లో చేరాయి, ఎందుకంటే ఆ దళం మూలం కంపెనీ వారి బెంగాల్ యూరోపియన్ రెజిమెంటు. ఐర్లండ్ విడిపోయాక 1922 జూన్ 12న ఆ దళం తన పతాకాలను విండ్సర్ కోటలో ఐదో జార్జి రాజు చేతికి అప్పగించింది. చందుర్తి వాళ్లకు ఈ సంగతి ఎంతమందికి తెలుసో. ఇటు మన దేశంలో, రిపబ్లిక్ అయ్యాక, భారత రెజిమెంట్ల పాత రాజ పతాకాలను 1950 నవంబరు 23న డెహ్రాడూన్ మిలిటరీ అకాడమీలోని చెట్వుడ్ హాలులో లాంఛనంగా ఉంచారు. దళాలు ఇప్పుడు రాష్ట్రపతి ఇచ్చే నిషాన్ అనే పతాకాన్ని మోస్తున్నాయి. 1803 అస్సాయే యుద్ధానికి గుర్తుగా వచ్చిన ఏనుగు మాత్రం మద్రాస్ రెజిమెంటు చిహ్నంలో ఇప్పటికీ ఉంది. తెలుగు సిపాయిలు తరతరాలుగా చేరిన సేన అది.

మా జెండా ఇప్పుడు గుడ్డ కప్పిన మెత్తటి బోర్డు మీద, చదునుగా, చీకటి సొరుగులో ఉంది. గదిలో తేమ యాభై శాతం దగ్గర ఉంచుతారు. ప్రదర్శనకు తీసినా వెలుతురు 50 లక్స్ దాటదు, అదీ కొద్ది నెలలే. ఏటవాలుగా కూడా నిలబెట్టరు, పట్టుకు తన బరువే శత్రువు. చూడటానికి వచ్చినవాళ్లు సొరుగులో దాచడమేంటని నిరాశపడతారు. ఇంకో వందేళ్లకు వచ్చేవాళ్లకు కూడా చూసే హక్కుందని వాళ్లకు చెబుతుంటాను.

మన సంస్థానాల జెండాలు, ఊరేగింపు పతాకాలు, గుళ్ల ధ్వజాలు, తాతల నాటి పట్టుబట్టలు ఎవరి ఇళ్లలోనైనా ఉంటే దయచేసి ఉతక్కండి, ఇస్త్రీ చేయకండి, ఫ్రేము కట్టించి గోడకు తగిలించకండి. ముందు ఫొటోలు తీయండి, అది ఎవరిదో, ఎక్కడిదో, ఇంట్లో పెద్దవాళ్లు బతికుండగానే అడిగి రాసి పెట్టండి. గంజి లేకుండా బాగా ఉతికి ఆరేసిన తెల్లటి నూలు పంచెలో, వీలైతే మడత లేకుండా, లేదంటే నున్నటి గొట్టానికి అదే పంచె చుట్టి దాని మీద వదులుగా చుట్టి పెట్టండి. ప్లాస్టిక్ కవరు వద్దు, నాఫ్తలీన్ ఉండలు జరీకి తగలనివ్వద్దు. మడత పెట్టక తప్పకపోతే ఏడాదికి రెండుసార్లు మడత మార్చండి, పాత గీత మీదే మళ్లీ వేయకుండా. చీలికలు కనిపిస్తే మాత్రం దారం, ఫెవికాల్ జోలికి వెళ్లకుండా, ఉన్నదాన్ని ఉన్నట్టే చదునుగా ఉంచి, వస్త్రాల కన్జర్వేషన్ తెలిసినవాళ్లకు చూపించండి.